తోకతాడు

పళ్ళిపట్టు నుంచి తిరుత్తణికి పోయే పదీ నలభై బస్సు మలుపులో హారన్ కొట్టింది. అప్పటికి కుప్పుస్వామి రెండు చేతులా గొలుసు పట్టుకొని, వీపు గోడకు ఆనించి, కదలకుండా నిలబడి ఎంతసేపయిందో అతనికే తెలియదు. ఎదురుగా, ఊపిరి తగిలేంత దగ్గరలో, ఇంజను గాలిలో వేలాడుతోంది. పార్థిబన్ చెరుకు గానుగను తిప్పే పాతకాలపు డీజిల్ ఇంజను, పక్కకొకటిగా రెండు దొడ్డ ఇనుప చక్రాలు, ఎంత లేదన్నా నాలుగు వందల కిలోలు. పైన షెడ్డు దూలానికి బరువులెత్తే చైన్ బ్లాకు, దాని కొక్కేనికి ఇంజను, దాని నుంచే కిందికి వేలాడే చేతి గొలుసుకు కుప్పుస్వామి. మంచి చైన్ బ్లాకు అయితే గొలుసు వదిలేసి పోయి టీ తాగి రావచ్చు, లోపలి బ్రేకు బిళ్ళలు బరువును పట్టుకొని ఉంటాయి. ఈరోజు ఇది పట్టుకోవడం లేదు. పిడికిలి కొంచెం సడలితే చాలు, టక్, టక్, ఒక్కొక్క కడియమే గొలుసు పాకిపోతోంది, ఇంజను అంగుళం అంగుళం దిగుతోంది. దిగితే దిగనీ, దించాలనే కదా ఈ పాట్లు. కానీ గాలిలో అది పక్కకు తిరిగిపోయింది. కింద వేసిన రెండు రైలు స్లీపరు దుంగలకు ఏటవాలుగా నిలిచింది. ఇట్లాగే దిగితే ఒక పాదం దుంగ మీద పడుతుంది, ఇంకొకటి గాలిలో ఉండిపోతుంది. అప్పుడు ఒరుగుతుంది. ఒరిగేది అతని మీదికే. వెనక గోడ.

అవతలి పక్క తోకతాడు వేలాడుతోంది. ఇంజను చెవికి కట్టిన పది అడుగుల కొబ్బరి తాడు. దాన్ని ఎవరైనా పట్టుకొని కొంచెం పక్కకు లాగితే చాలు, ఎంత బరువైనా గాలిలో ఉన్నప్పుడు ఉయ్యాలలో బిడ్డ మాదిరి తిరుగుతుంది, చెప్పిన చోట కూర్చుంటుంది. గొలుసు ఒకరు, తాడు ఒకరు. ఒక్కడే రెండూ పట్టుకోలేడు. మోకాలితో చక్రాన్ని నెట్టి చూశాడు. ఇంజను కొంచెం తిరిగింది, మళ్ళీ అంతకంత వెనక్కి వచ్చి మోకాలి చిప్పను తాకింది. గొలుసును దేనికైనా చుట్టి ముడి వేద్దామని ఒక చెయ్యి తీశాడు. ఒక్క చేత్తో పట్టిన ఆ క్షణంలోనే గొలుసు జర్రున పోయింది, జానెడు దిగింది ఇంజను, మళ్ళీ రెండు చేతులా పట్టుకునేసరికి కుడి అరచెయ్యి తోలు ఊడిపోయింది. రెండోసారి ఆ పని చేసే ధైర్యం లేదు. చుట్టడానికి అయినా ఏముంది. వెనక గోడకు ఒక కొయ్య లేదు, మేకు లేదు. కట్టినవాడు ఏమీ లేకుండా నున్నగా కట్టాడు. కట్టింది అతనే.

పొద్దున పార్థిబన్ ఇంజనును చిన్న లోడు బండిలో వేసుకొని వచ్చాడు. బండి మీదనుంచి ఇంజనును పైకి ఎత్తిన తర్వాత బండిని ముందుకు నడిపి పక్కకు తీశాడు, దిగి వచ్చి అన్నాడు, "అయ్యా, తాడు నేను పట్టుకోనా? దించినాక పోతా. తిరుత్తణిలో పని ఏం తొందర లేదు." మంచి పిల్లగాడే, ముప్పై ఏళ్ళు ఉంటాయి, మొన్న వానలకు చెరుకు పడిపోయినా మాట మెత్తగానే ఉంటుంది. కుప్పుస్వామి అతని మొహం కూడా చూడలేదు. "పోరా పోయి పిస్టన్ రింగులు తీసుకొని రా. నలభై ఏండ్లుగా దించతా ఉండా, నాకు నువ్వు చెప్పాల్నా?" పార్థిబన్ నవ్వి, సరి అయ్యా, సాయంత్రం వస్తా అని బండెక్కాడు. సాయంత్రం. ఇప్పుడు పదకొండు కూడా కాలేదు. నాకు ఎవరూ అవసరం లేదు అనే మాటను ఈ రెండేళ్ళలో ఎంతమందికి చెప్పి ఉంటాడో లెక్క లేదు. టీ కొట్టువాడికి చెప్పాడు, పాల సొసైటీలో చెప్పాడు, వంట చేసి పెడతానన్న పక్క వీధి ముసలమ్మకు ఆమె ఏడ్చేట్టు చెప్పాడు. చెప్పినట్టే అందరూ విన్నారు. ఎవరూ రారు. తలుపు తోసుకొని ఒక కుక్క కూడా రాదు, కుక్కను కూడా స్పానరు విసిరి తరిమాడు.

ఆరణిలో పని నేర్పిన మేస్త్రి వక్కాకు ప్రియుడు. నాలుగు వేళ్ళ ఎత్తు లేపురా, ఆపు, అనేవాడు. నాలుగు వేళ్ళు నేలకూ బరువుకూ మధ్య పట్టేంత ఎత్తు. అక్కడ ఆపి మేస్త్రి ఆకు తీసి, ఈనె గిల్లి, సున్నం పూసి, వక్క పెట్టి, మడిచి నోట్లో వేసుకొని నమిలేవాడు. ఆ ఆకు నమిలి ఉమ్మే దాకా బరువు గాలిలో ఊరికే ఉండాలి. కొక్కెం మోసం చేసేదయితే, తాడు తెగేదయితే, బ్రేకు జారేదయితే, ఆ ఆకు లోపలే తెలిసిపోతుంది. నాలుగు వేళ్ళ ఎత్తు నుంచి పడితే ఇనుముకూ నష్టం లేదు, మనిషికీ నష్టం లేదు. దించేటప్పుడు కూడా అంతే, నేలకు నాలుగు వేళ్ళు ఉందనగా ఆపాలి, ఇంకొక ఆకు. ఊరికొచ్చి ఇంటి వెనక షెడ్డు వేసుకున్న తర్వాత కుప్పుస్వామి ఆ పద్ధతి మానలేదు. అతనికి వక్కాకు అలవాటు లేదు, సుందరవల్లికి ఉంది. పెళ్ళయిన మూడో నెల నుంచి తోకతాడు పట్టింది ఆమెనే. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో నడుములోని సంచి నుంచి ఆకు. ఆమె నములుతూ ఉంటుంది, అతను చెవి పైకి పెట్టి వింటూ ఉంటాడు. ఆమె గోడవారగా ఉమ్మి వచ్చి తాడు బిగించి, "ఊ" అంటుంది. అప్పుడు ఎత్తడం. ఇంకొక కట్టుబాటు ఉంది. గొలుసు పట్టినవాడు "చాలు" అనేదాకా తాడు పట్టినవారు తాడు వదలకూడదు. ఇంజను కూర్చుంది కదా, కనిపిస్తూనే ఉంది కదా అని వదిలేస్తే ఎప్పుడో ఒకరోజు కాలు పోతుంది. ముప్పై నాలుగేళ్ళలో ఆమె ఒక్కసారీ చాలు అనకముందు వదలలేదు.

ఈ పొద్దు బండి మీదనుంచి ఇంజను లేచినప్పుడు నాలుగు వేళ్ళ దగ్గర అతని చెయ్యి అలవాటుగా ఆగింది. ఆగి, పక్కకు చూసింది కన్ను. ఆకు నమిలేవాళ్ళు లేరు. పార్థిబన్ స్టీరింగు దగ్గర కూర్చొని ఫోను చూసుకుంటున్నాడు. ఎందుకో ఒళ్ళు మండింది. ఆపకుండా బరబర లాగేశాడు పైకి. అక్కడ ఒక్క ఆకు సేపు ఆగి ఉంటే, కింద బండి ఉండగానే, గొలుసు జారడం తెలిసి ఉండేది.

జారడానికి కారణం కూడా తెలుసు. నిన్న సాయంత్రం నిచ్చెన వేసుకొని ఎక్కి చైన్ బ్లాకును తుడిచాడు. రెండేళ్ళుగా పెద్ద బరువు ఏదీ ఎత్తలేదు, పిచ్చుకలు గూడు పెట్టి పోయాయి. గుడ్డను కిరసనాయిలులో తడిపి దుమ్ము తుడిచి, గొలుసు పళ్ళకు నూనె పోశాడు, పళ్ళతో ఆగక పక్కనున్న గుండ్రటి మూత సందులో కూడా పోశాడు. మూత లోపల ఉండేవి బ్రేకు బిళ్ళలు. వాటికి నూనె తగలకూడదు. ఆ సంగతి ఆ మూత మీదనే రాసి ఉంది. నూనె వద్దు. పసుపు పెయింటుతో, తెలుగులో, ఐదో క్లాసు చదువు గుండ్రటి అక్షరాలు. సుందరవల్లి రాసింది. ఒకసారి ఆమె అన్న మాటకు మొండికేసి అతను నూనె పోసి, బ్రేకు జారి, రెండు రోజులు విప్పి తుడుచుకోవలసి వచ్చిన తర్వాత నిచ్చెన ఎక్కి రాసింది. ఆమె తమ్ముడి కూతురు చందన అప్పుడు చిన్నది, కింద నిలబడి "అత్తా, ఏం రాసిండావు? అరవంలో రాయి, నాకు చదివేదానికి రాదు" అన్నది. "ఇది నీకు కాదులే. చదవాల్సినోడు మీ మామ ఒక్కడే. ఆయనకు చెప్తే ఎక్కదు, రాస్తేనన్నా ఎక్కతాదేమో." ఆ అక్షరాలు వెలిసి, మసి పట్టి, నిన్నటికి గీతల మాదిరి మిగిలాయి. కిరసనాయిలు గుడ్డతో రుద్దేటప్పుడు అవి అక్షరాలని చెయ్యికి తెలుసు. రుద్దడం ఆపలేదు. రెండేళ్ళుగా ఆమెకు సంబంధించింది ఏది కనపడినా అదే పని, చీరలు ఎవరికో ఇచ్చేశాడు, వక్కాకు సంచి పొయ్యిలో వేశాడు, ఫోటోను బియ్యం డబ్బా వెనక బోర్లా పెట్టాడు. ఏడ్చే మగవాళ్ళను చూస్తే అతనికి అసహ్యం.

గోడ అవతల దగ్గు వినిపించింది. బీడీ దగ్గు, రెండు చిన్నవి, ఒకటి పొడుగు. ఎలుమలై. సుందరవల్లి తమ్ముడు. షేర్ ఆటో నడుపుతాడు, పొద్దున బడి పిల్లలను దింపి వచ్చి పదకొండు గంటలప్పుడు నులక మంచం మీద వాలతాడు, రేడియోలో అరవం పాటలు పెడతాడు. ఈ వివరాలన్నీ కుప్పుస్వామికి తెలుసు, ఎందుకంటే ఇటుక ఎంత దళంగా పెట్టినా శబ్దం వస్తుంది. రెండు ఇళ్ళ పెరళ్ళూ ఒకటిగానే ఉండేవి. ముందు వైపు ఇళ్ళు వేరే వేరే వీధుల్లోకి తెరుచుకుంటాయి, వెనక మాత్రం కలిసే ఉండేవి, షెడ్డు పక్కనే దారి. ఆ దారిలోనే చారు గిన్నెలు పోయేవి, మునక్కాయలు వచ్చేవి, బరువు దించాలంటే "ఒరే ఎలుమలై" అని అంటే రెండో చెయ్యి వచ్చేది. ఆమె పోయిన పదకొండో రోజు, కర్మలకు వచ్చిన జనం ముందు కుప్పుస్వామి అన్నాడు, "కావడి వాళ్ళనంతా ఆటోలో మోసినాడు. అక్క ఒక్కతినీ మొయ్యలేకపోయినాడు. ఈ పొద్దు నుంచి వీడు నా వాకిలి తొక్కకూడదు." ఎలుమలై తలెత్తలేదు. మరుసటి వారం కుప్పుస్వామి సిమెంటు ఇటుకలు తెప్పించి తనే కట్టాడు గోడ, మేస్త్రిని కూడా పెట్టుకోలేదు. షెడ్డు తెరిచి ఉన్న పక్కను మూసేస్తూ కట్టడంతో షెడ్డులో ఆ పక్క నాలుగడుగుల చోటు రెండడుగులైంది. బరువు ఎత్తేచోట వీపు వెనక గోడ ఉండకూడదు, తప్పుకొనేదానికి దారి ఉండాలి అని ఆరణి మేస్త్రి చెంప మీద కొట్టి నేర్పాడు. ఇటుక మీద ఇటుక పెట్టేటప్పుడు ఆ చెంపదెబ్బ గుర్తుకు వచ్చింది, వచ్చినా పెట్టాడు.

ఇప్పుడు పిలిస్తే అరక్షణంలో వినపడుతుంది. అంతే పని. ఒక్క పేరు. పిలవకపోతే సాయంత్రం పార్థిబన్ వచ్చేదాకా ఈ చేతులు పట్టవు, మధ్యాహ్నం దాకా కూడా పట్టవు. పిలవకుండా చచ్చినవాళ్ళను ఊరు ఏమంటుందో కూడా తెలుసు, మొండి ముండాకొడుకు అంటుంది, రెండు రోజులు అంటుంది. బల్ల మీద ఫోను మోగింది. అక్కడిదాకా చెయ్యి చాచినా ఆరడుగులు ఎక్కువ. మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. మనిషి అయ్యుండదు. అతనికి వచ్చేవి రికార్డు గొంతులే, తీయగా మాట్లాడే ఏదో పిల్ల, అతను ఆఁ చెప్పమ్మా అన్నా ఆగకుండా తన పాటికి తాను చెప్పుకుపోయేది. మొదట్లో తిట్టి పెట్టేసేవాడు. ఈ మధ్య చివరిదాకా వింటున్నాడు. పొద్దున వండిన సంకటి గిన్నెలో ఉంది, ఈగలు వాలుతుంటాయి. సంకటి ఒక్కడికి చేయడం కష్టం, ఎంత తక్కువ పిండి వేసినా ఇద్దరికి అవుతుంది. మిగిలింది రాత్రికి, రాత్రి మిగిలింది పొద్దుటికి నీళ్ళు పోసుకొని. టక్. ఒక కడియం. చెమట కంట్లోకి దిగింది, తుడుచుకునే చెయ్యి లేదు, భుజానికి రుద్దుకున్నాడు. టక్. ఇంజను చక్రం అతని పొట్టకు జానెడు, అంచున పాత నూనె గడ్డకట్టి నల్లగా ఉంది, దాని వాసనా కిరసనాయిలు వాసనా కలిసి, సబ్బు వాసన. సబ్బు వాసన ఎందుకు వచ్చింది ఇక్కడికి. సబ్బు లేదు ఇక్కడ. ఆ రోజు ఉంది.

ఆ రోజు ఆడి కృత్తిక. తిరుత్తణి కొండకు పోయే కావడులు తెల్లవారకముందే రోడ్డు నిండా, పసుపు గుడ్డలు, తప్పెట్లు, ఇక్కడిదాకా వినపడే అరోహరా కేకలు. షెడ్డులో ఎవరిదో ట్రాక్టరు ఇంజను, పండగైనా సరే ఆ రోజే దించిస్తానని అతను మాటిచ్చి ఉన్నాడు. తాడు పట్టుకుంటూ ఆమె అన్నది, "ఏమయ్యా, ఎదలో ఒకరకంగా ఉండాది. ఎవురో కూర్చున్నట్టు ఉండాది." అతను పైకి చూస్తున్నాడు, కొక్కెం వైపు. "పొద్దున్నే ఆ పాచి వడలు తినొద్దంటే విన్యావా. సుమ్మా ఊరికే నిలు. ఆకు నమిలే సేపు." అన్నాడు. అనడం గుర్తుంది, గొంతు కూడా గుర్తుంది, ఇనుముతో మాట్లాడే గొంతు. ఆమె ఆకు నోట్లో పెట్టుకుంది. నమలలేదు. దవడ కదలడం లేదని అతను చూశాడు. చూశాడు. ఈ మాటను ఎన్నిసార్లు పక్కకు నెట్టినా మళ్ళీ అంతకంత వెనక్కి వచ్చి తాకుతుంది. చూసి, గొలుసు లాగాడు. ఇంజను లేచింది, ట్రాక్టరును వెనక్కి నెట్టారు ట్రాక్టరు తెచ్చినవాళ్ళు, వాళ్ళు పండగకు పోవాలని పోయారు, వీళ్ళిద్దరే మిగిలారు. దించడం ముక్కాలు గంట పట్టింది. దుంగలు సరిగా లేవని మళ్ళీ ఎత్తి, సర్ది, మళ్ళీ దించాడు. ఆ ముక్కాలు గంటా తాడు బిగువు తగ్గలేదు. ఇంజను కూర్చుంది. కూర్చున్న తర్వాత అతను రసమట్టం పెట్టి నాలుగు పక్కలా చూసుకున్నాడు, ఒక పక్క వెంట్రుక వాసి ఎత్తు ఉంటే రేకు ముక్క కొట్టి పెట్టాడు. చాలు అనడం మరిచాడు. వెనక్కి తిరిగేసరికి ఆమె నేల మీద కూర్చొని ఉంది, స్తంభానికి ఆనుకొని, తాడు చేతిలో బిగించే ఉంది. ఇక చాలా అని అడిగినట్టు చూసింది. అప్పుడు కూడా అతను ముందు చేతులు కడుక్కున్నాడు. కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి, ఫోనుకు నూనె అంటుతుందని. తర్వాత ఎలుమలైకి ఫోను చేశాడు. కావడుల మధ్య నుంచి ఆటో రావడానికి యాభై నిమిషాలు. అదీ నిజమే. ఆసుపత్రిలో డాక్టరమ్మ అరవంలో అడిగింది, ఎంతసేపటి నుంచి నొప్పి అని. పక్కన ఎలుమలై నిలబడి ఉన్నాడు. కుప్పుస్వామి "ఇప్పదాన్" అన్నాడు. ఇప్పుడే. ఆ ఒక్క మాటతో పొద్దుటి గంటంతా తుడుచుకుపోయింది, మిగిలింది యాభై నిమిషాలే, ఆ యాభై నిమిషాలూ ఎలుమలైవి. అన్నం తింటూ, స్నానం చేస్తూ, గోడ కడుతూ, కుప్పుస్వామి ఆ యాభై నిమిషాలనే తిట్టుకున్నాడు. గట్టిగా తిట్టుకుంటే అవి గంటన్నర అవుతాయని అనుకున్నాడో ఏమో.

టక్, టక్, టక్. మూడు. చక్రం పొట్టను తాకింది. చల్లగా ఉంది.

"ఎలుమలై" అన్నాడు. గోడ దాటేంత గట్టిగా కాదు. మళ్ళీ గట్టిగా అన్నాడు. "ఒరే ఎలుమలై."

రేడియో ఆగింది. తర్వాత గోడ అవతలి నుంచి, "ఎవురు?"

"ఎవురంటావేందిరా. నేనే."

"నేనే అంటే ఎవురు?"

"మీ అక్క మొగుణ్ణి. తాడు పట్టాల రా."

మంచం కిర్రుమంది. చెప్పుల చప్పుడు గోడ దగ్గరికి రాలేదు, దూరంగా పోయింది. వాళ్ళ ముందు తలుపు తీసిన శబ్దం, వేసిన శబ్దం. పోయినాడు అనుకున్నాడు కుప్పుస్వామి. న్యాయమే. అంతలో అర్థమైంది, వస్తున్నాడు, రావాలంటే అదే దారి. వాళ్ళ వీధి చివరిదాకా పోయి, పాల సొసైటీ తిరిగి, బోరు దాటి, ఈ వీధి పొడుగునా రావాలి. ఒకప్పుడు నాలుగు అడుగులు. చక్రాన్ని పొట్టతో ఆపుకుంటూ, ఎక్కడిదాకా వచ్చి ఉంటాడో మనసులో నడిచాడు. సొసైటీ. బోరు. ఎండ మాడుతూ ఉంటుంది, మోకాలి నొప్పి వాడికి. ఇంకో కడియం పోయింది. కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి ఎలుమలై షెడ్డు వాకిట్లో ఉన్నాడు. లుంగీ ఎగగట్టి, ఒగురుస్తూ. చైన్ బ్లాకును చూశాడు, ఇంజనును చూశాడు, దుంగలను చూశాడు, చివరికి ఇంజనుకూ గోడకూ మధ్య ఇరుక్కున్న బావను చూశాడు. జుట్టు నెరిసింది వీడికి, ఎప్పుడు నెరిసింది.

"గోడ బాగా కట్టినావు బావా. కదల్లే."

"తాడు పట్టుకో."

"పడతా. మాట్లాడేదానికి రాలే నేను. తాడుకు వచ్చినా."

తాడు పట్టుకొని, మడమ నేలకు తన్ని, మెల్లగా పక్కకు లాగాడు. లాగిన తీరు అక్కదే, ముంజేతికి ఒక చుట్టు వేసుకొని, ఒళ్ళు వెనక్కి వాల్చి. ఇంజను తిరిగింది. చక్రం కుప్పుస్వామి పొట్టను వదిలి పక్కకు పోయింది, ఊపిరి లోపలికి వచ్చింది. ఇంజను పాదాలు దుంగలకు సరిగా వచ్చాయి. అతను ఒక్కొక్క కడియమే గొలుసును పోనిచ్చాడు. దుంగకు నాలుగు వేళ్ళ ఎత్తు ఉందనగా ఆపాడు.

"దించు" అన్నాడు ఎలుమలై.

"నిలు."

"ఆకు యాడ ఉండాది ఇప్పుడు?"

"లే. ఊరికే నిలు."

నిలబడ్డారు. పైన బ్లాకు సన్నగా కిర్రుమంటోంది. గొలుసు మీద ఉన్న తన నెత్తురును చూస్తూ కుప్పుస్వామి అన్నాడు, "ఆ పొద్దు ఆసుపత్రిలో ఇప్పుడే అని చెప్పినా కదా."

ఎలుమలై మడమను ఇంకొంచెం నేలకు తన్నిపెట్టాడు.

"ఇప్పుడే కాదు. ఇంజను ఎత్తకముందే చెప్పింది నాకు. నేనే నిలు అన్నా. దించేదాకా పట్టుకొనింది. అప్పురం, దించినాక కూడా నేను చేతులు కడుక్కొని వచ్చినా."

వాడు తాడు వదిలేస్తాడని అనుకున్నాడు. వదిలితే ఇంజను తిరిగి అతని మీదికే వస్తుంది. వదలనీ అనుకున్నాడు కూడా. తాడు బిగువు తగ్గలేదు.

"తెలుసు" అన్నాడు ఎలుమలై. "పాడె మీద ఆమె చేతులు కట్టింది నేనే కదా. అరచేతిలో తాడు అచ్చు అట్నే ఉన్నింది. కొబ్బరి పేళ్ళు కూడా గుచ్చుకొని ఉన్నాయి. కొంచెం సేపు పట్టుకొంటే పడే అచ్చు కాదు అది."

"తెలిసీ ఎందుకు చెప్పలే? జనం ముందర అన్ని మాటలన్యా నిన్ను."

"నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంక ఎవురికి చెప్పాల? నువ్వే చెప్తావేమో అని చూసినా." గోడ వైపు గడ్డం ఎత్తాడు. "నువ్వు ఇటికెలు తెప్పించినావు."

కుప్పుస్వామి గోడ వైపు చూడకుండా దుంగల వైపు చూశాడు.

"దించు బావా. చెయ్యి లాగతా ఉండాది."

దించాడు. ముందు రెండు పాదాలు, వెనక రెండు పాదాలు. దుంగలు ఒకసారి మూలిగాయి. గొలుసు ఒదులైంది, ఇంతసేపూ దాన్ని పట్టుకున్న చేతులకు ఆ తేలికదనం నమ్మబుద్ధి కాలేదు. అవతల ఎలుమలై తాడును బిగించి పట్టుకొనే ఉన్నాడు. ఇంజను కూర్చుంది, కనిపిస్తూనే ఉంది, అయినా వదలలేదు, బావ మొహం చూస్తూ నిలబడ్డాడు. సరిగా అట్లాగే చూసింది ఆమె. కుప్పుస్వామి నోరు తెరిచాడు. రెండేళ్ళ కిందట చెప్పవలసిన మాట అది.

"చాలు" అన్నాడు చివరికి.

ఎలుమలై ముంజేతి చుట్టు విప్పాడు. తాడును మోచేతికీ అరచేతికీ మధ్య చుట్టలు చుట్టి, స్తంభానికి ఉన్న మేకుకు తగిలించాడు, ఎప్పుడూ అది ఉండే మేకే. పైకి చూశాడు. "మూతలో నూనె పోసినావా?"

"పోసినా."

"అక్క రాసిండె కదా."

"తుడిచేసినా."

ఎలుమలై మూత వైపు ఇంకోసారి చూశాడు. లుంగీ దించుకొని వాకిలి వైపు తిరిగాడు.

"నీళ్ళన్నా తాగి పో."

"వద్దు."

పోయాడు. కుప్పుస్వామి అక్కడే నిలబడి విన్నాడు. ఈ వీధి పొడుగునా చెప్పులు, తర్వాత ఏమీ లేదు, బోరు, సొసైటీ, ఎండ, కుంటే మోకాలు. పన్నెండు గంటల బస్సు మలుపులో హారన్ కొట్టింది. ఒక మనిషి తన ఇంటికి పోవడానికి ఇంతసేపు పడుతుందా అనుకునేంత సేపు తర్వాత గోడ అవతల తలుపు తీసిన శబ్దం, మంచం కిర్రు. దగ్గు, రెండు చిన్నవి, ఒకటి పొడుగు. రేడియో పెట్టలేదు.

"బావా." గోడ అవతలి నుంచి. "చక్రం కింద చెక్క పెట్టినావా?"

పెట్టలేదు. మరిచాడు. వంగి నేల మీద చెక్క కోసం వెతికాడు. వేళ్ళు ఇంకా గొలుసు పట్టుకున్నట్టే ముడుచుకొని ఉన్నాయి, తెరుచుకోలేదు. ముడుచుకున్న చేత్తోనే చెక్కను చక్రం కిందికి తోసి, మోకాలితో గట్టిగా ఒత్తాడు.

"పెట్టినా" అన్నాడు గోడకు.

ఇంకేమైనా అంటాడేమోనని కుప్పుస్వామి ఆ వంగినవాడు వంగినట్టే చాలాసేపు ఉన్నాడు.